చీకట్లో ఇరవై నిమిషాలు

9 మార్చి, ఆదివారం
ఉదయం పదకొండు గంటలు

పూజ్యులైన బావగారికి,

నమస్కారం. పైన "పూజ్యులైన" అని పడిపోయింది. ఇరవై ఏళ్ళుగా మీకు ఉత్తరం మొదలుపెట్టినప్పుడల్లా చెయ్యి దానంతట అదే రాసేసే మాట. కొట్టేద్దామనుకున్నాను. కొట్టివేతలున్న కాగితం చూస్తే మీకు ఒళ్ళు మండుతుందని గుర్తొచ్చి వదిలేశాను. దాన్ని గౌరవం కింద లెక్కేసుకోకండి. చేతి అలవాటు, అంతే.

నేను కులాసా. అక్క కులాసా అని ఒక్క ముక్కలో రాయలేను, ఎలా ఉందో చదివేకొద్దీ మీకే తెలుస్తుంది. మీ క్షేమం అడగనక్కర్లేదు. నాలుగు పేజీల మీ ఉత్తరంలో ఒక్క అక్షరం వంకర పోలేదు, ఒక్క వరస కిందికి జారలేదు. పెళ్ళాం ఇల్లు విడిచి పదకొండు వారాలైన మనిషి ఇంత గుండ్రంగా రాయగలిగాడంటే ఆరోగ్యం దివ్యంగా ఉన్నట్టే.

మీరు రాసినదాని సారం నాకు అర్థమైంది. అక్కకు ఏ జబ్బూ లేదు. పని తప్పించుకోవడానికి, నలుగురిలో మిమ్మల్ని చిన్నబుచ్చడానికి చూపు లేనట్టు నటిస్తోంది. నేను ఆమె చెవిలో ఇల్లు కట్టుకుని లేనిపోనివి నూరిపోశాను. వారంలోగా ఆమెను పంపకపోతే, ఆసుపత్రి వాళ్ళే ఇచ్చిన రిపోర్టుకు నకళ్ళు తీయించి చుట్టాలందరికీ, ఆమె పనిచేసే రంగుల దుకాణానికీ పంపిస్తారు. "సైన్సు అబద్ధం చెప్పదు" అని రాసి దాని కింద స్కేలు పెట్టి గీత కూడా గీశారు.

సైన్సు నాకు నేర్పింది మీరే కదా. ఫిజిక్సులో నేను రెండోసారి తప్పినప్పుడు మీరు మా ఇంటికి కొత్త అల్లుడు. టార్చిలైటు బల్బు, రెండు తీగలు, ఒక బ్యాటరీ పెట్టుకుని కరెంటు అంటే ఏమిటో మూడు వారాల్లో నా తలకెక్కించారు. కంటి ఆసుపత్రిలో ఈ శిక్షణ ఉందని పేపర్లో చూసి దరఖాస్తు తెచ్చిందీ మీరే. "కంట్లో వెలుగు పడితే కరెంటు పుడుతుందే పిచ్చిమొహమా. దాన్ని కొలిచే ఉద్యోగం. నీకు సరిగ్గా సరిపోతుంది" అన్నారు. ఆ రోజుల్లో మీరు పట్టపగలు చుక్కలున్నాయంటే నేను ఆకాశం వంక చూసేదాన్ని.

ఇది పొగడ్త కాదు. ఎంత ఎత్తు నుంచి జారారో మీకు తెలియాలని రాస్తున్నాను. కొలతలంటే మీకు ప్రాణం కదా.

అక్క సంగతి మొదలై ఏడాది దాటింది. మీకు గుర్తుండదు, ఆమె పని గురించి మీరెప్పుడూ పట్టించుకున్నది లేదు. గోడ నుంచి రాలిన పెచ్చు ఒకటి తెచ్చి చేతిలో పెడితే, ఆ రంగు రావడానికి తెలుపులో ఏది ఎన్ని చుక్కలు పడాలో చూపుతోనే చెప్పేది. పదమూడేళ్ళలో ఆమె కలిపిన డబ్బా ఒక్కటీ వెనక్కి రాలేదు. అలాంటిది ఒక్క నెలలో మూడు వచ్చాయి. "రంగులన్నీ ఉతికి ఉతికి వెలిసిపోయిన గుడ్డల్లా కనిపిస్తున్నాయే" అని నాకు ఫోన్లో చెప్పింది. ఆ తర్వాత, పొద్దు వాలితే తలుపు చెక్కకు భుజం తగిలేది. బస్సెక్కి పట్టుకునే కమ్మీ కోసం గాల్లో తడుముకునేది. చూపు అంచుల్లో సన్నటి మెరుపులు ఆడుతున్నాయనేది.

మీరు కళ్ళజోళ్ళ దుకాణానికి తీసుకెళ్ళారు. అక్కడి బోర్డు మీద ఆఖరి వరస కూడా తడుముకోకుండా చదివేసింది. దాంతో మీకు లోకంలోని వైద్యశాస్త్రమంతా వచ్చేసింది. "ఆఖరి వరస చదివిన మనిషికి గుమ్మం కనపడదా" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ అన్నారు. ఆ అన్న తీరు మీకు ఎంత నచ్చిందంటే, మీ కాలేజీ వార్షికోత్సవంలో కూడా పేరు చెప్పకుండా ఒక జోకులా వాడారట. అందరూ నవ్వారట. అక్క మూడో వరసలో కూర్చుంది.

అక్షరాల బోర్డు కొలిచేది, చెయ్యి చాచి చూస్తే బొటనవేలి గోరు ఎంత ఉంటుందో అంత జాగాని. చూపు నడిమధ్య ఆ గోరంత ముక్క బాగుందని మాత్రమే ఆ బోర్డు చెప్పగలదు. గుమ్మాలు, మెట్లు, పక్క నుంచి వచ్చే సైకిళ్ళు, భర్తలు జరిపిన కుర్చీలు, ఇవన్నీ ఆ గోరుకు బయట ఉంటాయి. ఇది నా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయికి రెండో రోజు చెప్పే పాఠం. మీరు ఇరవై రెండేళ్ళుగా కాంతి మీద పాఠాలు చెబుతున్నారు.

ఇక మీ నీలం అట్ట పుస్తకం. మేలో మొదలుపెట్టి డిసెంబరు దాకా రాశారు. పైన "పరిశీలన" అని పేరు. ఇంట్లో మనిషి మీద ఏడు నెలలు గూఢచారి పని చేసి దానికి అంత శుభ్రమైన పేరు పెట్టడం మీకే చెల్లింది. అందులోవి రెండు మీకే చదివి వినిపిస్తాను.

"సాయంత్రం 6.40. వరండాలో పెన్సిలు పడేశాను. చూడలేదు. దాని మీదే అడుగేసింది." మర్నాడు: "ఉదయం 10.15. అదే పెన్సిలు, అదే చోట. వెంటనే తీసి బల్ల మీద పెట్టింది. నటన రుజువైంది."

ఇలాంటివి నూట పన్నెండు. ఆఖరిది డిసెంబరు 19, సాయంత్రం 7.05. "నడవలో లైటు తీసి, గోడ పక్కనుండే కుర్చీని మధ్యకు జరిపాను. నేరుగా వచ్చి తగులుకుంది. పడిన తీరు సహజంగా లేదు."

సహజంగా ఎలా పడాలో మీరు ఒకసారి పడి చూపించాల్సింది. ముంజేతి ఎముక బీటలు వారిన సంగతి మాత్రం పుస్తకంలో లేదు. చోటు చాలలేదేమో.

చేతికి కట్టుతో అక్క నా దగ్గరికొచ్చిన నాలుగో రోజునే మా ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మకు చూపించాను. అదే రోజు ఆసుపత్రికి మీ రిజిస్టర్డు పోస్టు కూడా వచ్చింది. నీలం పుస్తకం, దాంతో పాటు "నా భార్య మాటల్లోని పరస్పర వైరుధ్యాలు తమరి దృష్టికి తెస్తున్నాను" అని ఒక ఉత్తరం. డాక్టరమ్మ మాటల పొదుపరి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివింది. మధ్యలో ఎవరో తలుపు తీస్తే చెయ్యి ఎత్తి ఆపింది. చదివాక, "ఎవరమ్మా ఈయన? పగలు బాగుండటం, మసక వెలుతుర్లో పోవడం, పక్కచూపు తగ్గడం, ఎప్పుడెప్పుడు ఎంతెంత తగ్గిందో తేదీలతో సహా రాసిపెట్టాడు. మన పిల్ల డాక్టర్లు ఇంత శ్రద్ధగా రాయరు" అంది. మా బావగారండీ, ఫిజిక్సు లెక్చరరు అన్నాను. "రాశాడు సరే, చదువుకోలేదా?" అంది.

బావగారూ, మీ బతుకులో మీరు చేసిన ఒకే ఒక్క మంచి ప్రయోగం అది. ఫలితాన్ని మాత్రం తలకిందులుగా చదువుకున్నారు. ఒక జబ్బు మెల్లమెల్లగా ముదరడాన్ని మీ కళ్ళ ముందే, మీ ఇంట్లోనే, మీ చేతిరాతతో మొత్తం నమోదు చేశారు. చేసి, దాన్ని మీ పెళ్ళాం మీద నేరపత్రం అనుకున్నారు.

డాక్టరమ్మ అక్క కళ్ళను అద్దంతో చాలాసేపు చూసింది. కంటి లోపలి జిగురులో దుమ్ములాంటి సన్నటి నలకలు తేలుతున్నాయంది. లోపల ఎక్కడో వాపు ఉందనడానికి గుర్తు అది. పైకి చూస్తే రెటీనా శుభ్రంగానే ఉంది. మచ్చలు పడకముందే రెటీనా పని మందగించే జబ్బులుంటాయి, వాటిని చూపుతో కాదు, కరెంటుతోనే పట్టుకోవాలి. పరీక్ష పూర్తిగా చెయ్యమని రాసి నా చేతికే ఇచ్చింది.

ఆ గదిలో ఏం జరుగుతుందో మీకు తెలియాలి. కంట్లో చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యే దాకా ఆగాలి. కణతల మీద చర్మాన్ని రుద్ది, తడి ముద్దతో చిన్న బంగారు బిళ్ళలు అంటించాలి. కింది రెప్ప వెంబడి వెంట్రుక కన్నా సన్నని తీగ పడుకోబెట్టాలి. ఆ తర్వాత దీపాలన్నీ ఆర్పేసి ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మసకలో చూసే కణాలు వెలుతురు దెబ్బ నుంచి కోలుకుని పూర్తిగా మేలుకోవడానికి అంతసేపు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ రోగి పక్కన నేనూ కూర్చుంటాను.

అక్క మొదట ఒక మాట అంది. "ఇక్కడ హాయిగా ఉందే. ఇద్దరికీ కనపడదు."

ఆ తర్వాత కుర్చీ సంగతి చెప్పింది. మీరు రాయనిది. ఆమె పడ్డాక మీరు ముందు కుర్చీని గోడకు జరిపారట. ఆ తర్వాత ఆమెను లేపారట. మంచినీళ్ళు కూడా ఇచ్చారట. "ఆయన పక్కగదిలోకి వెళ్ళి రాసుకున్నారే. పెన్ను చప్పుడు వినపడింది" అంది. ఏడవలేదు. కూరగాయల ధర చెప్పినట్టు చెప్పింది. ఇంకో మాట కూడా అంది, అది మీరు రెండుసార్లు చదవండి. "ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, నిజంగానే నటిస్తున్నానేమోనని. అద్దం ముందు నిలబడి నన్ను నేనే అడిగేదాన్ని."

మనిషికి చూపు పోతే మందులున్నాయి. తనని తను నమ్మడం మానేసిన మనిషికి ఏ చుక్కలు వెయ్యాలో మా ఫార్మసీలో లేదు.

పరీక్ష సంగతి. గోళంలాంటి తెల్లటి గిన్నెలో గడ్డం ఆనించి చూస్తుంటే లోపల వెలుగు మిణుక్కుమంటుంది. ఆ వెలుగుకు కన్ను ఇచ్చే జవాబు తెర మీద గీతగా వస్తుంది. మసక వెలుగుకు మంచి కన్ను గుట్టలాంటి గీత ఇస్తుంది. అక్క కన్ను బల్ల పరుపుగా ఇచ్చింది. తర్వాత వెలుగును సెకనుకు ముప్పైసార్లు కొట్టిస్తాం, ప్రతిసారీ కన్ను జవాబు చెప్పాలి. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే, ముప్పై ముక్కల లోపే మంచి కన్ను జవాబు వచ్చేస్తుంది. అక్కది ముప్పై ఎనిమిదికి వచ్చింది. రెండు కళ్ళూ అంతే. ఎన్నిసార్లు చేసినా అంతే.

సెకనులో వెయ్యో వంతులు ఎనిమిది. సెకనుకు ముప్పైసార్లు చొప్పున, ప్రతిసారీ సరిగ్గా అంతే ఆలస్యంగా నటించడం ఏ నాటకాల కంపెనీలో నేర్పుతారో మీరే చెప్పండి. నేనూ వెళ్ళి చేరతాను.

జబ్బు ఇది. ఒంట్లో కాపలా కాసే కణాలు దారి తప్పి, సొంత రెటీనానే పరాయిదనుకుని దాడి చేస్తున్నాయి. వాటిని అదుపు చెయ్యడానికి మాత్రలు మొదలుపెట్టారు. పది వారాలైంది. మొహం ఉబ్బింది, నిద్ర సరిగ్గా పట్టదు, నెలకోసారి రక్తం తీస్తారు. పోయిన మంగళవారం మళ్ళీ పరీక్ష చేశారు. ముప్పై ఎనిమిది కాస్తా ముప్పై మూడయింది. బల్ల పరుపుగా ఉన్న చోట ఒక చిన్న గడ్డ లేచింది. డాక్టరమ్మ ఆ గీత మీద వేలు పెట్టి, "ఉన్నది నిలబడుతుంది. పోయినదాంట్లో కొంత రాదు. ఎనిమిది నెలల ముందే మందు పడి ఉంటే" అని ఆగిపోయింది.

రంగుల దుకాణానికి మీరు రిపోర్టు పంపిస్తానని బెదిరించారు. పంపించేశారు కూడా, అబద్ధం ఎందుకు. దుకాణం పెద్దాయన దాన్ని అక్క చేతికిచ్చి, "రంగు తేడా వస్తే డబ్బా వెనక్కొస్తుందమ్మా, మాకు అదే రిపోర్టు. మీవారికి ఇంకేమైనా పంపాలనుంటే గోడల కొలతలు పంపమను" అన్నాడట. ఆమె బల్ల మీద తెల్లటి దీపం ఒకటి పెట్టించాడు. మధ్యాహ్నం దాకా పనిచేస్తోంది. రంగు కుదిరిందో లేదో దీపం కింద ఒకసారి, గుమ్మం దగ్గర ఎండలో ఒకసారి చూసుకుని కానీ మూత వెయ్యడం లేదు. ఈ నెలలో ఒక్క డబ్బా వెనక్కి రాలేదు.

చుట్టాలకు కూడా పంపించండి. వాళ్ళ చిరునామాల్లో తప్పులేమైనా ఉంటే నన్నడగండి, దిద్ది పెడతాను. మీరంటే నాకు ఇప్పుడు కోపం కూడా లేదు. కోపానికి ఎదుటి మనిషి కాస్త బరువుగా ఉండాలి. నీలం పుస్తకం చదివాక మీరు నాకు చాలా తేలికైపోయారు.

ఉంటాను.

ఇట్లు
ఒకప్పుడు మీ దగ్గర పాఠాలు చెప్పించుకున్న
మీ మరదలు

తా.క.

ఉత్తరం ముగించి, కవరులో పెట్టేముందు అక్కకు చదివి వినిపించాను. చేతిరాత చదివితే ఆమెకు కళ్ళు లాగుతాయి. కళ్ళు మూసుకుని మొత్తం వింది. విన్నాక, "బాగా రాశావే. ఆయన్ని ఉతికి ఆరేశావు. నీ సంగతేదీ?" అంది.

నా సంగతి ఏమిటన్నాను.

"ఆ రోజు నన్ను చీకట్లో కూర్చోబెట్టలేదుగా" అంది.

చీకట్లో అక్క అన్న మాటలు పైన రాశాను కదా. ఒక మాట దాచాను. అప్పటికి పావుగంట అయి ఉంటుంది. "పోయినసారి ఈ చీకటి లేదేమే?" అని అడిగింది. అప్పుడు పద్ధతి వేరు అన్నాను. అలాగా అంది. నమ్మిందనుకున్నాను.

మీ చేతిలో ఉన్న ఆ రిపోర్టు రాసింది నేను. అది మీకు తెలుసు. ఎలా రాశానో మీకు తెలియదు. పోయిన ఏప్రిల్‌లో అక్క మొదటిసారి పరీక్షకొచ్చిన రోజు పొద్దున మీరు ఫోన్ చేసి, "మీ అక్కది అంతా నాటకం. నీకు తెలియనిది కాదు. తొందరగా కానిచ్చి పంపెయ్" అన్నారు. మీరు చెప్పబట్టి అలా చేశానని రాస్తే అది ఇంకో అబద్ధం. నాకూ అప్పటికి అదే అనిపిస్తూ ఉండేది. ఫోన్ చేసినప్పుడల్లా గుమ్మం తగిలింది, రంగు వెలిసింది అని అదే పాట, వినీ వినీ విసుగొచ్చింది. బయట ఏడుగురు కూర్చుని ఉన్నారు. తల వెనక బిళ్ళలు అంటించి, తెర మీద నలుపు తెలుపు గళ్ళు చూపించి కంటి నరం పరీక్ష ఒకటి చేశాను. అది బాగానే వచ్చింది, ఈ జబ్బులో అది మొదట్లో బాగానే వస్తుంది. రెటీనా పరీక్ష కూడా చెయ్యమని చిన్న డాక్టరు రాసిచ్చిన చీటీలో ఉంది. చుక్కలు వెయ్యలేదు. దీపం ఆర్పలేదు. "రోగి సహకరించనందున పూర్తి కాలేదు" అని రాసి సంతకం చేశాను.

సహకరించకపోవడం ఏమిటి, బళ్ళో పిల్లలా నిటారుగా కూర్చుని గడ్డం ఆనించింది. "ఇంకేమైనా ఉందా?" అని అడిగింది. లేదు, వెళ్ళు అన్నాను. చిన్న డాక్టరు నా వాక్యం చూసి, కింద "మానసికం కావచ్చు" అని రాసి ఫైలు మూసేశాడు. డాక్టరమ్మ సగంలో ఆపేసిన ఆ ఎనిమిది నెలలు అవే. నీలం పుస్తకం మీరు మొదలుపెట్టింది కూడా ఆ కాగితం చేతికొచ్చాకే.

కాబట్టి స్కేలు పెట్టి మీరు గీసిన ఆ గీత అలాగే ఉంచుకోవచ్చు. సైన్సు అబద్ధం చెప్పలేదు, నేను చెప్పాను. ఆ రిపోర్టు ఎవరికి పంపినా ఈ కాగితం కూడా జత చేసి పంపండి. కింద సంతకం పెడుతున్నాను.

డాక్టరమ్మకు పోయిన బుధవారం చెప్పాను. అరవలేదు. అరిస్తే బాగుండేది. నన్ను మిషను దగ్గర నుంచి తప్పించి, ఇన్నేళ్ళలో "సహకరించలేదు" అని నేను రాసిన ఫైళ్ళన్నీ తీయించింది. పంతొమ్మిది. అందులో నిజంగా సహకరించని వాళ్ళు ఎందరో నాకు గుర్తు లేదు. అందరికీ ఫోన్లు చేసి, పరీక్ష మళ్ళీ చెయ్యాలి రమ్మని పిలుస్తున్నాను. ఎందుకని అడిగిన వాళ్ళకు నా తప్పని చెప్పాలి, అదీ ఆమె ఆజ్ఞే. ఇప్పటికి ఆరుగురు వచ్చారు. ఒకాయన కర్రతో నేల తట్టుకుంటూ వచ్చాడు.

ఇదంతా రాసి అక్కకు మళ్ళీ చదివాను. ఇప్పుడు పంపు అంది. ఆ తర్వాత, రంగుల దుకాణం పైన ఒక గది తీసుకున్నానని, ఎల్లుండి వెళ్ళిపోతానని చెప్పింది. నా మీద కోపమా అని అడిగాను.

"కోపం కాదే. ఆయన దగ్గరా, నీ దగ్గరా ప్రతిదానికీ రుజువు చూపించాల్సి వచ్చింది. కొన్నాళ్ళు రుజువు లేకుండా బతుకుతాను" అంది.

మిమ్మల్ని అక్కడికి రావద్దని రాయమంది. నన్ను, పిలిస్తేనే రమ్మంది.